బలం మాత్రలు

కక్కకూడదు. ఏమైపోయినా సరే, కక్కకూడదు. ఎడమవైపుకి ఒత్తిగిలి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, చెంప దిండుకి అదిమిపెట్టి పడుకుంది ఆమె. గుటక వేస్తే కడుపులో దేవినట్టవుతోంది, వెయ్యకపోతే నోట్లో నీళ్ళూరి నిండిపోతున్నాయి. మింగలేక కక్కలేక అని జనం ఊరికే అనేస్తుంటారు గానీ, ఆ మాట మొదట అన్నవాడెవడో ఇలాగే మంచం మీద ముడుచుకుని ఉంటాడు. ఛ, వాడెందుకు ముడుచుకుంటాడు, వాడి పెళ్ళాం ముడుచుకుని ఉంటుంది, వాడు పక్కగదిలో బూట్లు పాలిష్ చేసుకుంటూ ఉంటాడు. అదిగో, చరక్ చరక్ మని బ్రష్ చప్పుడు. వారానికో సెలవు, ఆ సెలవునాడు భోజనం కాగానే పాత పేపరు పరిచి, దాని మీద డ్యూటీ బూట్లు రెండు జతలూ దించి, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేస్తాడు. ఆ నల్ల పాలిష్ వాసన తలుపు తెర కిందనుంచి పాక్కుంటూ వచ్చి సరిగ్గా ఆమె ముక్కు దగ్గరే తిష్ఠ వేసింది. ఇవాళొక్కరోజు మానుకోవచ్చుగా ఈ మహానుభావుడు? అడిగితే మానేస్తాడేమో. అడగాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే మాటే వస్తుందన్న నమ్మకం లేదు.

మాత్ర చూస్తే ఇంతుంది, చొక్కా గుండీ అంత కూడా లేదు. వీధి చివర మందుల షాపావిడ దాన్ని గాజు బల్ల మీద పెట్టింది గానీ వెంటనే ఇవ్వలేదు, మీద వేలు ఆనించి పట్టుకునే మాట్లాడింది, వేలు తీస్తే మాట వినకుండా పారిపోతారన్నట్టు. ఎప్పుడు జరిగింది అని అడిగింది, బస్సు ఎప్పుడు వెళ్ళిందని అడిగినంత మామూలుగా. వెనక నలుగురు నుంచుని ఉన్నారు. ఆమె చెవులు కాలిపోయాయి. మొగుడే చెప్పాడు, మొన్న రాత్రి అని. మూడు రోజుల్లోపు వేసుకోవాలమ్మా, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, నిన్న పొద్దున్నే రావాల్సింది అందావిడ. నిన్న అతనికి డ్యూటీ. పెళ్ళాన్ని ఒక్కదాన్నే ఇలాంటి పనికి పంపడం అతనికి బాగుండదు. మొన్న రాత్రి జాగ్రత్త పడమని ఆమె గొణిగినప్పుడు మాత్రం అతనికి ఏదీ అడ్డు రాలేదు, మాత్రలున్నాయిగా, చూసుకుందాంలే అన్నాడు, చూసుకోవాల్సింది ఇద్దరమూ అన్నట్టు. షాపావిడ చెప్పుకుంటూ పోయింది. ఇది నిలిచిన కడుపుని తీసేసే మందు కాదు, రాకుండా ఆపేది. ఇవాళ వేసుకున్నామని రేపు ధీమాగా ఉండొద్దు, రేపటికి ఇది కాపలా కాయదు. అలవాటుగా వాడేదీ కాదు, అలవాటుకి వేరేవి ఉన్నాయి, రండి చెప్తాను. కడుపులో వికారం, తలనొప్పి, నీరసం, రొమ్ముల్లో సలుపు, మధ్యలో కాస్త ఎర్రగా కనపడటం, ఇవన్నీ కొందరికి ఉంటాయి, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. నెలసరి కాస్త అటూ ఇటూ అవుతుంది, వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించుకోండి. పొత్తికడుపులో ఒక పక్క పోటు పట్టిందంటే మాత్రం ఆగొద్దు, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతైతే మందు ఒంటికి పట్టదు, మళ్ళీ వేసుకోవాలి.

"ఇంత మాత్రకి ఇంత పురాణమా అండీ?" అన్నాడతను నవ్వుతూ.

"మాత్ర చిన్నదే. మింగేది మీరు కాదుగా" అందావిడ, నవ్వకుండా.

ఆ మాటకి ఆమెకి లోపల చల్లగా అనిపించింది. ఆవిడంటే ఒక్కసారిగా ఇష్టం కలిగింది. ఆ ఇష్టం ఇంకా పూర్తిగా కలగనేలేదు, ఆవిడ కళ్ళజోడు పైనుంచి సూటిగా ఆమెనే చూస్తూ, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా అని అడిగింది. క్షయకి గానీ, ఫిట్స్‌కి గానీ. ఆ మందుల్లో కొన్ని దీన్ని పనిచెయ్యనివ్వవు. అలాంటివాళ్ళకి ఇదిచ్చి నేను చేతులు దులుపుకోను, ఆసుపత్రికి పంపిస్తాను, ఐదు రోజుల్లోపు కాపర్ టీ వేయించుకుంటే ఏ మందు వాడుతున్నా దానికి ఢోకా లేదు. చెప్పమ్మా, వాడుతున్నావా?

లేవు, అందామె.

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! అడగడం పూర్తయీ కాకముందే వచ్చేసింది, గుమ్మంలో నుంచుని ఎదురుచూస్తున్నట్టు. పక్కనే నుంచుని జేబులో తాళాలు గలగలలాడిస్తున్న మొగుడు అందుకున్నాడు, "దీనికి జలుబు కూడా చెయ్యదండీ. గుండ్రాయి!" అని. వెనకున్నవాళ్ళు నవ్వారు. షాపావిడ కూడా కాస్త నవ్వి వేలు తీసేసింది. ఆమె కూడా నవ్వింది. ఒక్కతే నవ్వకపోతే బాగుండదని నవ్వింది.

చరక్ చరక్. ఇప్పుడు ఎడమ బూటు అయి ఉంటుంది, ఎప్పుడూ కుడిదే ముందు. కడుపులోంచి ఏదో గొంతుదాకా ఎగదన్నింది, పళ్ళు బిగించింది, అది వెనక్కి జారింది, జారుతూ గొంతంతా పుల్లగా కాల్చుకుంటూ పోయింది. లేవు. ఆ మాట నేర్పింది అమ్మ. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వంటింట్లో నేల మీద కూర్చుని, ఒళ్ళో స్ట్రిప్పులన్నీ పోసుకుని, ఒక్కో మాత్రా బొటనవేలితో నొక్కి నొక్కి తీసి గోధుమరంగు గాజు సీసాలో వేసింది. సీసా మీద రక్తం పట్టడానికి, బలానికి అని రాసి ఉంది, ఎర్ర అక్షరాలు, నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. లోపల ఉన్న బలాన్ని అమ్మ ముందే సింకులో పారబోసింది. అమ్మ బొటనవేలు కందిపోయింది. "ఎవరన్నా అడిగితే బలం మాత్రలను అమ్మడూ. నీరసమను. చచ్చినా ఆ మాట మాత్రం నోట్లోంచి రానివ్వకు, నీ కాపురం నీ నాలుక చివర ఉంది" అంది. ఆ మాటేమిటో అమ్మ కూడా అనలేదు. ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. 'అది' అనేవాళ్ళు. అది వచ్చిందా, అది వచ్చి ఎన్నాళ్ళయింది, అది మళ్ళీ రాకుండా చూడాలి. పిలవకుండా ఇంటికొచ్చే దూరపు చుట్టం గురించి మాట్లాడుకున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. అమ్మది భయం, కాదనలేం. కానీ భయపడ్డది అమ్మ, ఆ సీసా మూత రోజూ తిప్పాల్సింది తను. ఇప్పటికీ అమ్మ చూడ్డానికి వచ్చినప్పుడల్లా సంచీ అడుగున ఇంకో సీసా తెస్తుంది, ఖాళీది పట్టుకుపోతుంది. మా అత్తగారు కూతురికి బలం తెచ్చిందే అని అతను వేళాకోళం చేస్తే అమ్మ మురిసిపోతుంది, అల్లుడికి ఎంత సరదా అని.

బడిలో మొదటిసారి వచ్చినప్పుడు కళ్ళు తెరిచేసరికి చుట్టూ కాళ్ళు. అన్నీ కాళ్ళే. ఎవడో ఒకడు తన బూటు విప్పి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు, ఎందుకో ఆ వెధవకే తెలియాలి. ఆ పాలిష్ వాసన, ఆ తోలు వాసన, మేజోళ్ళ చెమట కంపు. మర్నాటినుంచి బెంచీ మీద పక్కపిల్ల జరిగి కూర్చుంది. పుస్తకం పట్టేంత సందు, అంతే. ఆ సందు మళ్ళీ ఎప్పటికీ పూడలేదు. అబ్బ, ఈ బూట్ల గోల ఎప్పుడు వదులుతుంది తనకి.

తల పక్కకి తిప్పితే కిటికీ, కిటికీ బయట ఎదురింటి మేడ మీద ఎవరిదో తెల్లచొక్కా ఆరేసి ఉంది, కాలరు మురికి పోలేదు. పనిచేసే చోట అయితే దాన్ని వెనక్కి పంపేసేది. డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరు పని ఆమెది. బట్ట తీసుకోవడం, జేబులు వెతకడం, కాలరు లోపల నంబరు గుడ్డముక్క కుట్టడం. జేబుల్లో ఏం దొరికినా కవర్లో వేసి తిరిగిచ్చేయాలి, ఏం చూసినా చూడనట్టుండాలి, అది ఆ పనికి మొదటి నియమం. ఆమెకది ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఆవిరి ఇస్త్రీ దగ్గరికి మాత్రం వెళ్ళదు. ఆ పెద్ద పలక మీదకి తూలి పడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు, డాక్టరు కూడా చెప్పాడు, నిప్పు దగ్గరా నీళ్ళ దగ్గరా ఒంటరిగా ఉండొద్దని. అది యజమానికి చెప్పలేదు కాబట్టి యజమాని ఆమెకి మహారాణి అని పేరు పెట్టాడు. మహారాణిగారు ఇస్త్రీ చెయ్యరు, చేతులు కందిపోతాయి అంటాడు వచ్చినవాళ్ళందరితో. మహారాణి నవ్వి ఊరుకుంటుంది. ఇంట్లో అయితే స్నానాలగది గడియ పెట్టుకోదు. ఎందుకు పెట్టుకోవు అని మొగుడు ఒక్కసారి కూడా అడగలేదు, పెళ్ళయిన కొత్తలో అది చూసి కన్నుకొట్టాడు, అంతే. ఏదైతేనేం, అడగకపోతే చాలు. బతుకంతా ఎవరేం అడగలేదో లెక్కపెట్టుకుంటూ సంతోషించడమే అయిపోయింది.

అతని పనే అడగడం, ఆ మాటకొస్తే. బస్సుల్లో టిక్కెట్లు చెక్ చేసే ఉద్యోగం. ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని ఆనాటి వేట అంతా చెప్తాడు. ఎక్కగానే అడిగితే ఏముంది, టిక్కెట్టు లేనివాడు కొందామనుకుంటున్నానండీ అంటాడు, అయిపోయింది. అలా కాదు, రెండు స్టాపులు పోనివ్వాలి. వాడు కిటికీలోంచి చూస్తున్నట్టు నటిస్తుంటాడు, మనం వెళ్ళి పక్కనే నుంచోవాలి. ఎండ మండిపోతోంది కదండీ అని పలకరించాలి కూడా. అప్పుడు వాడు తేరుకుంటాడు, అవునండీ అంటాడు, నవ్వుతాడు కూడా వెధవ, గండం గడిచిందనుకుంటాడు. అప్పుడడగాలి. అప్పుడు వాడి మొహం చూడాలీ! అని తొడ చరుచుకుని నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, వడ్డిస్తూ. ఒకరోజు మాత్రం నోరు జారి, పాపం ముందే అడిగెయ్యొచ్చు కదండీ అంది. ముందే అడిగితే ఇంక ఉద్యోగంలో మజా ఏముందే అన్నాడు. ఆ రాత్రి కూడా మామూలుగానే, మంచినీళ్ళ గ్లాసు తనే తెచ్చి ఇచ్చి, బలం మాత్రలు వేసుకున్నావా అని అడిగాడు. ఆఁ అంది. రోజూ అడుగుతాడు. ఏ మొగుడు అడుగుతాడు అలా? పక్కవాటాలో ఆవిడ మొగుడు పెళ్ళానికి జ్వరమొస్తే కాఫీ ఎవరు పెడతారని అడిగాడట.

కాళ్ళు చల్లబడుతున్నాయి. దుప్పటి లాక్కుంది. ఇది ఆ దుప్పటి కాదు, అది నీలం గళ్ళది, బీరువాలో పై అరలో ఉంది. దాన్ని ఆమె పరవదు, దాచుకుంది. పెళ్ళయి నెల కూడా నిండలేదప్పుడు. ఓ తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఒళ్ళంతా ఎవరో చితక్కొట్టినట్టుంది, నాలుక పక్కన కోసుకుపోయి ఉప్పగా ఉంది, తలలో పొగ. ఒంటి మీద వేరే నైటీ. కింద వేరే పక్క. మంచం పక్కన కుర్చీలో అతను, అప్పటికే యూనిఫారం వేసేసుకుని. అయిపోయింది, ఇంతే, ఇంటికి పంపించేస్తాడు అనుకుంది. అతను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, రాత్రి నా చెయ్యి తగిలి నీళ్ళ చెంబు పక్క మీద ఒలికింది, నీ బట్టలూ తడిశాయి, నేనే మార్చాను, లేపుదామంటే మంచి నిద్రలో ఉన్నావు అన్నాడు. అని డ్యూటీకి వెళ్ళిపోయాడు. బయటికొచ్చి చూస్తే దండెం మీద ఆ నీలం గళ్ళ దుప్పటి, ఉతికి, పిండి, అంచులు సరిచేసి ఆరేసి ఉంది. తిన్న కంచం తియ్యని మనిషి! ఆమె ఆ తడిగుడ్డని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. చెంబెడు నీళ్ళకి మంచమంతా తడుస్తుందా, మనిషిని లేపకుండా బట్టలు మార్చగలరా, ఇవన్నీ తనని తాను అడుక్కోవాల్సిన ప్రశ్నలే. అడుక్కోలేదు. నమ్మితే సుఖంగా ఉంది, నమ్మింది. తర్వాత అతను ఎన్ని మాటలన్నా, ఎంత మొరటుగా మీద పడ్డా, లోపల ఆ దుప్పటి తీసి ఓసారి చూసుకుని మడతపెట్టుకునేది.

మళ్ళీ ఎగదన్నింది. లేచి కూర్చుంది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. అలా అరచేతిలోకి ఊపిరి వదులుతూ కూర్చున్నప్పుడు తట్టింది ఆమెకి, ఇంతసేపూ కళ్ళెదురుగా ఉన్నదే. ఏం కాపాడుతున్నట్టు తను? కక్కకపోతే మాత్రం ఏమొరిగింది? పొద్దున్నే ఆ సీసాలోది ఒకటి మింగింది, రాత్రికి ఇంకోటి మింగుతుంది, ఏళ్ళ తరబడి మింగుతోంది. ఆవిడ చెప్పనే చెప్పింది, ఆ మందు ఒంట్లో ఉంటే ఇది పనిచెయ్యదని. ముచ్చెమటలు పోసుకుంటూ ఈ మంచం మీద తను చేస్తున్న యుద్ధమంతా ఖాళీ ఇంటికి కాపలా. రాకూడనిది వస్తే వస్తుంది. వస్తే? నరాల డాక్టరు చిన్నప్పుడే చెప్పాడు, అమ్మ చెవులు మూసుకుంది గానీ తను వింది. పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందుగా నా దగ్గరికి రండి, మందు మార్చాలి, ఈ మందు మీద కడుపొస్తే బిడ్డకి లోపం రావచ్చు, అలాగని మీ అంతట మీరు మానేశారో, ఫిట్స్ ఎక్కువై తల్లికే ముప్పు. అంటే ఇటు మింగినా ముప్పే, అటు మానినా ముప్పే. లోపల ఇంకా ఏమీ లేదు, ఉందో లేదో కూడా తెలియదు, అయినా ఆమె చెయ్యి పొత్తికడుపు మీదకి వెళ్ళింది. ఎవరిదో తెలియని బట్ట జేబు తడిమినట్టు తడిమింది. నువ్వు వేళ్ళు అతుక్కుని పుడితే అది నేను లేవు అన్నందుకు. నువ్వు పెదవి చీలి పుడితే అది నేను నవ్వినందుకు.

ఇంకా టైముంది. ఐదు రోజులంది ఆవిడ, ఇంకా మూడు రోజులున్నాయి. ఆసుపత్రికి వెళ్ళాలి. ఎలా వెళ్తుంది? ఏ బస్సెక్కినా కండక్టర్లందరికీ ఆమె చెకింగ్ సారు భార్యే. వదినగారు ఆసుపత్రి దగ్గర దిగారే, ఏమైనా విశేషమా అని సాయంత్రానికి డిపోలో అందరూ అతన్ని అడుగుతారు. నడిచి వెళ్ళే దూరమా, కాదు. పనిలోంచి మధ్యలో వెళ్ళనిస్తాడా యజమాని, మహారాణిగారికి షికారా అంటాడు. అమ్మకి ఫోన్ చేస్తే? అమ్మ ఏమంటుందో తెలుసు, ఏమీ కాదులే అమ్మడూ, నోరు మూసుకో అంటుంది. చెప్పాలి. అతనికే చెప్పాలి. చెప్తే? ఆ నీలం గళ్ళ దుప్పటి మళ్ళీ కళ్ళముందుకొచ్చింది, ఈసారి వేరేగా వచ్చింది. అతనికి తెలుసేమో! ఆ రోజే తెలిసిందేమో. తెలిసీ, ఆమె సిగ్గుపడుతుందని, భయపడుతుందని, చెంబు కథ అల్లి చెప్పాడేమో. ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు గ్లాసు తెచ్చి ఇచ్చి మాత్ర వేసుకున్నావా అని అడగడం అందుకేనేమో, ఎక్కడ మర్చిపోతుందోనని. అయ్యో, ఇంత మనిషిని పట్టుకుని తను మొరటువాడనుకుంది. షాపులో కూడా ఆమె పరువు నలుగురిలో పోకూడదనే గుండ్రాయి అని మాట మార్చి ఉంటాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాళ్ళు కింద పెట్టింది. గోడ పట్టుకుంటూ తెర తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

పేపరు మీద మూడు బూట్లు తళతళలాడుతున్నాయి. నాలుగోది అతని ఎడమచేతికి తొడుక్కుని ఉంది.

"కక్కలేదు కదా?" అన్నాడు తలెత్తకుండా. "కక్కావంటే మళ్ళీ ఆవిడ పురాణం వినాలి."

"లేదండీ. మీకో మాట చెప్పాలి." గోడకి ఆనుకుంది. "ఆ సీసాలోవి బలం మాత్రలు కావు. ఫిట్స్ మాత్రలు. నాకు చిన్నప్పట్నించీ ఉంది. అమ్మ చెప్పొద్దంది. షాపావిడ అన్నది విన్నారుగా, ఇప్పుడు వేసుకున్నది నాకు పనిచెయ్యదు. ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఇంకా టైముంది, కాపర్ టీ వేస్తారు. మీరు నన్నేమైనా అనండి, ఇంటికొచ్చాక అనండి, ముందు తీసుకెళ్ళండి."

అతను బూటుని వెలుతురుకి పట్టి ఊదాడు. ఆవిరి పట్టిన చోట గుడ్డతో రుద్దాడు.

"తెలుసు" అన్నాడు.

ఆ ఒక్క మాటకి ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నాకు తెలుసండీ, మీకు తెలుసని! ఆ రోజు మీరు దుప్పటి మార్చి, నేను సిగ్గుపడతానని నీళ్ళు ఒలికాయని..."

"నీళ్ళా?" అన్నాడు. ఇప్పుడు తలెత్తాడు. "మంచం విరుగుతుందేమోననుకున్నాను, అలా ఎగిరెగిరి పడ్డావు. నోట్లో నురగ. పక్కంతా పాడు చేశావు. కుర్చీ లాక్కుని కూర్చుని అయిపోయేదాకా చూశాను. ఉతక్కపోతే ఇల్లంతా కంపు కొట్టదూ? పొద్దున్నే ఆ సీసాలోంచి ఒకటి జేబులో వేసుకెళ్ళి డిపో పక్క మందుల షాపులో చూపించాను. దాని మీది అచ్చు చూసి చెప్పాడు వాడు."

"మరి... ఎందుకడగలేదు?"

"నువ్వే చెప్తావేమో చూద్దామని." అన్నం దగ్గర నవ్వే ఆ నవ్వే నవ్వాడు, తొడ మాత్రం చరుచుకోలేదు. "అడగలేదంటావేం, రోజూ రాత్రి అడిగాను కదే. బలం మాత్రలు వేసుకున్నావా అంటే ఎంత ముద్దుగా ఆఁ అనేదానివి!"

ఎండ మండిపోతోంది కదండీ. ఆమెకి ఆ మాట వినపడింది, అతను అనలేదు. రోజూ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నుంచున్న మనిషి. రోజూ గండం గడిచిందనుకుని నవ్విన తను.

"ఇందాక షాపులో ఆవిడ అడిగినప్పుడైనా..."

"నిన్నడిగింది. నన్నడగలేదుగా."

"పిల్లలు ఇప్పుడే వద్దన్నారు మీరే."

"ఇప్పుడూ అదే అంటున్నా. వద్దు. వచ్చిందే అనుకో, నిన్నూ దాన్నీ కలిపి మీ అమ్మకి అప్పజెప్తాను. నలుగురి ముందు లేవన్నది నువ్వు, విన్నది ఆవిడ. నన్నెవరేమంటారు? దింపాల్సిన చోటొస్తే దింపుతాను. తొందరేముంది." బూటు చేతిలోంచి తీసి మిగతా మూడింటి పక్కన, మడమలు కలిసేలా, జాగ్రత్తగా పెట్టాడు. "వెళ్ళి పడుకో. మొహం చూడు ఎలా ఉందో."

ఇంక ఆపక్కర్లేదని ఆమె కంటే ముందు కడుపుకే తెలిసినట్టుంది. వంగింది. వంగడానికి అక్కడ అంత చోటుంది, ఎటైనా వంగొచ్చు, బూట్ల మీదకే వంగింది. పొద్దున తిన్న రొట్టె, తాగిన టీ, మధ్యాహ్నంనుంచి మింగిన గుటకలన్నీ, మొత్తం వచ్చేసింది. నాలుగు బూట్లూ నిండాయి.

"బూట్లు!" అని అరిచాడతను. లేచి గంతేశాడు. "అయ్యయ్యో, బూట్లే! రేపు పొద్దున డ్యూటీ! నీకు బుద్ధుందా?" ఒక బూటు ఎత్తి తలకిందులు చేశాడు, అది అతని పాదం మీదే కారింది. అంత బాధ ఆ మొహంలో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ తెల్లవారుజామున కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా అది ఉండి ఉండదు.

పాలిష్ గుడ్డ చేతికందితే దాంతోనే మూతి తుడుచుకుంది. లోపలికెళ్ళి సీసా తీసుకుంది. చెప్పులు వేసుకుంది. ఎక్కడికే అంటున్నాడు, ఈ కంపు ఎవడు కడుగుతాడు అంటున్నాడు. దుప్పటి ఉతికినవాడికి బూట్లు కడగడం ఏపాటి. ఆ మాట పైకి అందామనుకుంది గానీ, నోరు వేరే పనికి కావాలి. మెట్లు దిగింది. రెయిలింగు పట్టుకునే దిగింది. కడుపు ఖాళీ అయింది, తల బొంగరంలా తిరుగుతోంది, అయినా పొద్దుటినుంచి మొదటిసారి ఊపిరి ఛాతీ అడుగుదాకా వెళ్ళింది.

మందుల షాపు దగ్గర ఎప్పటిలాగే జనం. వాళ్ళని తప్పించుకుని బల్ల దాకా వెళ్ళింది. ఎవరో ఏయ్ వరస అన్నారు. షాపావిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "కక్కేశావా? మూతికి ఆ నలుపేంటి?" అంది.

"కక్కేశానండీ. అది కాదు. ఇందాక మీరడిగితే లేవన్నాను." నాలుక చివర అమ్మ కూర్చుని ఉంది, కాపురం కూర్చుని ఉంది, పక్కకి నెట్టింది. "ఉన్నాయి. నాకు ఫిట్స్. రోజూ మందు వాడతాను."

ఆవిడ చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద పెట్టింది. "అంత విడమర్చి అడిగానే! అప్పుడు నోరు పడిపోయిందా నీకు? తెలిసి తెలిసి... పక్కన మొగుడున్నాడనా?" ఆమె మొహం చూసి ఆవిడే చల్లబడింది, లేదా చల్లబడినట్టు కనిపించింది. "సరే, ఏడుపు తర్వాత. ఆసుపత్రికి వెళ్ళు, ఇప్పుడే వెళ్ళు, రేపు చూద్దాంలే అనుకోకు. ఈ మాత్ర పనిచెయ్యదని చెప్పి కాపర్ టీ అడుగు. మందు పేరు కూడా చెప్పాలి వాళ్ళకి. ఏం మందు?"

ఆమె సీసా బల్ల మీద పెట్టింది. ఎర్ర అక్షరాలు, నవ్వుతున్న ఆడమనిషి. ఆవిడ అది చూసి, "ఇది బలానికి కదమ్మా" అంది.

"కాదండీ."

పక్కన నుంచున్నాయన చంటిదాన్ని అవతలి భుజానికి మార్చుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు. ఇంకొకావిడ తన సంచీ లాక్కుంది. బడి బెంచీ మీద సందు గుర్తొచ్చింది ఆమెకి. అప్పుడు ఆ సందుకి ఇవతల తలొంచుకుని కూర్చుంది. ఇప్పుడు అందులోకి జరిగి, రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి నుంచుని, మందు పేరు ఒక్కో అక్షరం విడివిడిగా, వెనకెక్కడో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పింది.